తొలి తడుపు

నాలుగింటికల్లా హంతకుడెవరో తేలకపోతే తోరా జైలుకు పోతుంది. తోరా ఉండేదేమో భూగోళం నడినెత్తిన, చలికాలం వస్తే రెండు నెలలు పొద్దే పొడవని ఒక రేవు ఊళ్ళో. ఆమెను కాపాడవలసిన ప్రసన్నలక్ష్మి ఉన్నదేమో కొత్తపేట పండ్ల మార్కెట్టు దాటాక, అరగంటగా అంగుళం కదలని సిటీ బస్సులో, కిటికీ పక్కన, రెక్సిను సీటుకు అంటుకుపోయిన వీపుతో. రెండువేల పదకొండు జూన్ నెల, ఆదివారం, మధ్యాహ్నం ఒంటిగంట. మృగశిర వచ్చి పది రోజులైనా చినుకు జాడ లేదు. ముందూ వెనకా రోడ్డంతా పొయ్యిలు. ఎల్బీనగర్ చౌరస్తా నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా హైవే మీద మూడేసి రాళ్ళు పెట్టి, కట్టెలు ఎగదోసి, పెళ్ళిళ్ళ గుండిగల్లో అన్నం వండుతున్నారు. వంటావార్పు. తెలంగాణ ఇచ్చేదాకా రోడ్డు మీదే వండుకుంటాం, రోడ్డు మీదే తింటాం అని పట్టుబట్టి కూచున్న జనం. వేరే రోజైతే ప్రసన్నలక్ష్మి కూడా ఏదో ఒక పొయ్యి దగ్గర పప్పు కలుపుతూ ఉండేది, ఆ మాట ఒట్టేసి చెప్పగలదు, కానీ ఇవాళ ఆమె నెత్తిన ఒక శవం ఉంది. బస్సులో పొగ నిండింది, కళ్ళు మండుతున్నాయి, డ్రైవరు దిగిపోయి ఎప్పుడో పంక్తిలో కూచున్నాడు. మంచు, మంచు, అనుకుంది ఆమె కళ్ళు మూసుకుని, మంచు కురుస్తోంది, రేవు గడ్డకట్టింది, ఎవరైనా ఊపిరి వదిలితే అదీ గడ్డకట్టి మీసాల మీద కూచుంటోంది. మెడ వెంబడి చెమట ధార కట్టి జాకెట్టులోకి పోయింది.

తప్పు ఆమెదే, అందులో అనుమానం లేదు. ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద దొరికిన పుస్తకం అది, ఆ చలిదేశపు భాషలో ఎవరో రాస్తే ఇంకెవరో ఇంగ్లీషు చేశారు, దాన్ని ఈమె తెలుగు చేస్తోంది, ఇన్ని చేతులు మారినా శవం మాత్రం చల్లగానే ఉంది. పద్దెనిమిది వారాలుగా వారపత్రికలో సీరియల్‌గా వస్తోంది. పోయిన బుధవారం రాత్రి ఆఖరి భాగం మొదలుపెడదామని పేజీ తిప్పితే అట్ట తగిలింది. చివరి పదహారు పేజీలు లేవు, ఒక ఫారం మొత్తం కుట్టు ఊడి ఏ చెత్తలోనో రాలిపోయింది. "ముందుగాల మొత్తం చదవకుండ ఎవరన్న మొదలుపెడ్తరా అమ్మా?" అని కూతురు ఇందు తల పట్టుకుంది. ఎవరూ పెట్టరు, పోచంపల్లి మగ్గం పక్కన పెరిగినవాళ్ళు తప్ప. నాన్న బాలనర్సయ్య మగ్గం మీద నేసిన బట్ట నేసినట్టు కర్రకు చుట్టుకుపోయేది, దాన్ని మధ్యలో విప్పి చూడబోతే ఆయన చేతి మీద ఒకటి వేసేవాడు. "కండ్ల ముంగట ఉన్న జానెడు చూస్కో బిడ్డా, తక్కింది గదే ఒస్తది." ప్రసన్నలక్ష్మి పుస్తకాన్ని కూడా జానెడు జానెడే చదివింది, ఏ వారానిది ఆ వారం, ముందుకు తొంగి చూడకుండా, పాఠకులతో పాటు తానూ భయపడుతూ. నలభై ఎనిమిదేళ్ళు వచ్చాయి, దూరవిద్యలో ఎమ్మే చేసింది, బుద్ధి మాత్రం మగ్గం గుంటలోనే ఉండిపోయింది.

కథ చెప్పుకుంటే ఇంతే. హాల్వర్ అనే ముసలి పడవ సరంగు మూడు రోజులు కనిపించకుండా పోయి, నాలుగో నాడు రేవు బల్లల మీద కొయ్యబారి దొరికాడు. ఎవరో మెడ బిగించి చంపారు, అయినా ఆయన ఎప్పుడూ చుట్టుకునే ఎర్ర మఫ్లరు మాత్రం ఒక్క పోగూ ఊడకుండా మెడలో చక్కగా ఉంది. గోళ్ళ సందుల్లో ఎర్ర ఊలు పోగులు. ఆ ఊళ్ళో ఎర్ర ఊలు అమ్మేది తోరా ఒక్కతే, మొగుడు పోయినావిడ, కొట్టు వెనక కుండల్లో తానే రంగులు అద్దుకుంటుంది, పైగా హాల్వర్ పెళ్ళి చేసుకుంటానంటే పొమ్మంది. ఇంకేం కావాలి, ఊరు ఊరంతా ఆమె మీద వేలు పెట్టింది. ఇన్‌స్పెక్టరమ్మ రాగ్నా ఒక్కతే ఇంకా ఏమీ తేల్చలేదు, మోకాళ్ళ నొప్పులతో మంచులో కుంటుకుంటూ పోయి, ఒక అర్ధరాత్రి లాంటి మధ్యాహ్నం ఒక తలుపు తట్టింది, ఆ తలుపు ఎవరిదో చెప్పకుండానే ఉన్న పేజీలు అయిపోయాయి. గురువారం ఎడిటర్ సత్యమూర్తిగారికి ఫోనులో సంగతి చెబితే ఆయన తెనాలి గొంతులో తాపీగా అన్నాడు: "ఆదివారం నాలుగింటికల్లా మీ ముగింపు రాకపోతే మేమే ఏదో ఒకటి రాసేసుకుంటామండి. ఆ ఊలు కొట్టావిడ మీద తోసేద్దాం, పాఠకులకి సరిపోద్ది." తోసేద్దాం అట. సంచి తోసినట్టు, గేదెను తోసినట్టు. ప్రసన్నలక్ష్మికి ఆ రాత్రి అన్నం సయించలేదు. పద్దెనిమిది వారాలు తోరాతో కలిసి బతికింది, ఆమె కుండల్లో ఊలు ఉడికే వాసన తన ముక్కుకు తెలుసు, నీలిరంగు పట్టిన ఆమె గోళ్ళు అచ్చం అమ్మ గోళ్ళు. ఆ దేశంలో మంచుకు పన్నెండు పేర్లున్నాయి, తెలుగులో వెతికితే ఒక్కటే దొరికింది, అప్పుడు అమ్మ దగ్గరి పత్తి మాటలే ఆదుకున్నాయి, ఏకిన దూది లాంటి మంచు, గింజ తీయని పత్తి లాంటి మంచు, పింజలు పింజలుగా ఎగిరే మంచు. అట్లా నేసిన ఊరిలో, తను నేసిన ఊరిలో, ఏ పాపం ఎరగని మనిషిని ఎవడో తోసేస్తానంటే ఒళ్ళు మండదా.

"చెల్లె, ఓ చెల్లె, బస్సుల ఏం కూసున్నవ్ ఉడుక్కుంట, దిగు." కిటికీ కింద యాదమ్మ, చేతిలో గరిటె. మీర్‌పేట్ మనిషి, నల్గొండ పల్లె నుంచి వచ్చి పాతికేళ్ళు, దిల్‌సుఖ్‌నగర్‌లో ప్రసన్నలక్ష్మి పనిచేసే చేనేత దుకాణం మెట్ల దగ్గర పూలు అల్లి అమ్ముతుంది. "పత్రికాఫీసుకు పోవాలె యాదమ్మక్కా, నాలుగింటికి, ఇంకో వారం గడువు అడగనీకి." "గీ బస్సు నాలుగింటికి గాదు, నాలుగొద్దులకు గూడ కదలది. రెండు బుక్కలు తిని నడువు." దిగక తప్పలేదు. తారు మీద పరిచిన టార్పాలిను చెప్పుల్లోంచి కూడా కాలుతోంది. విస్తరిలో అన్నం, పప్పు, పచ్చి మామిడికాయ తొక్కు. యాదమ్మ పక్కనే చతికిలబడి, గొంతు తగ్గించి, పక్కింటి సంగతి అడిగినట్టే అడిగింది. "మా కోడలు శుక్కురారం శుక్కురారం సదివి ఇనిపిస్తది. గా ఊలు కొట్టామెను జైల్ల ఏస్తరా ఏంది? ఏసిన్రనుకో, నేనైతే ఇగ ఇననే ఇనను." ప్రసన్నలక్ష్మి ముద్ద నోట్లో పెట్టుకుని తల అడ్డంగానూ నిలువుగానూ కాకుండా మధ్యలో ఊపింది. ఏం చెబుతుంది, తనకే తెలియదాయె. రాత్రుళ్ళు పడుకుని ఒక్కొక్కరి మొహం తలచుకుంది, పాస్టరును అనుమానించింది, డాక్టరును అనుమానించింది, ఒక ఘడియ ఇన్‌స్పెక్టరమ్మనే అనుమానించి లెంపలు వేసుకుంది. బాగా ఆలోచిస్తే తెలిసేదైతే మూడు రాత్రుల్లో తెలిసిపోవాలి కదా. ఆలోచన పొయ్యి మీది పొగలా కాసేపు లేచి ఎటు గాలి వస్తే అటు పోతోంది.

పంక్తి మధ్యలో భిక్షపతి నిలబడి మాట్లాడుతున్నాడు. ఆ కాలనీ సంఘం అధ్యక్షుడు, తెల్లటి ఇస్త్రీ లాల్చీ, మెడలో గులాబీ కండువా. మొదటి నుంచీ ఉద్యమంలో ఉన్నవాళ్ళెవరు, నిన్న మొన్న దూరినవాళ్ళెవరు అనే సంగతి మీద ఆయన చాలాసేపటి నుంచి ఊపిరి తిప్పుకోకుండా చెబుతున్నాడు. "రెండువేల ఒకటి సంది గీ కండువ నా మెడ మీదికెల్లి దిగలే. పండుకున్నా గిదే, లేచినా గిదే. పదేండ్లు." జనం తింటూ వింటున్నారు, వినకపోతే సాంబారు అందదన్నట్టు. ఎండ ఆయన బట్టతల మీద నిలబడింది. మాట ఆపి, పక్కనున్న నీళ్ళ డ్రమ్ములో కండువా ముంచి, పిండకుండానే తలకు చుట్టుకున్నాడు. డ్రమ్ము ఎండలో కాగి ఉంది, నీళ్ళు గోరువెచ్చగా ఆవిరి వాసన వేస్తున్నాయి. మొదట చెవుల వెనక ఒక గులాబీ చార దిగింది. తర్వాత మెడ మీదుగా ఇంకొకటి. అంతలో భుజాలు, ఛాతీ, తెల్ల లాల్చీ నిండా గులాబీ ఏరులు పారాయి, ఆయనకు తెలియదు, ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు. యాదమ్మ గరిటె ఎత్తి చూపించింది. "పదేండ్ల కండువ గింత రంగు దిగుతదా భిక్షపతీ? నిన్న నా ముంగటనే కొన్నవ్ గద దిల్‌సుఖ్‌నగర్ల." రోడ్డు పొడుగునా నవ్వు పాకింది, పక్క పొయ్యి వాళ్ళకు సంగతి తెలియకుండానే వాళ్ళూ నవ్వారు. భిక్షపతి కూడా లాల్చీ చూసుకుని నవ్వేశాడు, పాపం మంచివాడే.

ప్రసన్నలక్ష్మి నవ్వలేదు. ఆమె చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. ఎర్ర మంచు, అనుకుంది. నాలుగో భాగం. శవం బల్లలకు గడ్డకట్టి అంటుకుపోతే ఊడదీయడానికి కెటిల్లో వేడినీళ్ళు తెచ్చి మెడ కింద పోశారు, పోయగానే మంచు ఎర్రబడింది, జానెడు మేర, కుర్ర కానిస్టేబులు నెత్తురని జడుసుకుని పడ్డాడు, తీరా చూస్తే ఒంటి మీద గాయం లేదు, పరీక్షకు పంపితే నెత్తురు కాదన్నారు, ఆ తర్వాత పుస్తకంలో ఎవరూ ఆ ఎరుపు మాట ఎత్తలేదు, తనూ ఎత్తలేదు. తను. ఇరవై రెండేళ్ళుగా దుకాణంలో ప్రతి చీరె మడతపెట్టి ఇస్తూ రోజుకు ఇరవైసార్లు అదే మాట చెప్పే తను, మొదటిసారి విడిగా తడపండమ్మా, ఉప్పు నీళ్ళల్లో నానబెట్టండి, తొలి తడుపులోనే రంగు దిగేది, తర్వాత దిగదు. తొలి తడుపు. ఉతికి ఉతికి నలిగిన పాత మఫ్లరు వేడినీళ్ళకు రంగు ఎందుకు వదులుతుంది. అది పాతది కాదు. అది నీళ్ళు చూడని మఫ్లరు. మరి పాతదన్నది ఎవరు, ఎవరు అన్నారు, ఏడో భాగం, అవును, హాల్వర్ తమ్ముడు ఐనార్, చేపల పడవ ఐనార్, కన్నీళ్ళు మీసాల మీద గడ్డకట్టగా చెప్పాడు, మా అమ్మ అల్లిన మఫ్లరు, పదిహేనేళ్ళు మా అన్న మెడ మీంచి దిగలేదు, దాన్ని చూసే దూరం నుంచి గుర్తుపట్టాను. మెడ మీదికెల్లి దిగలే. పదేండ్లు. ఓరి భిక్షపతీ, నీ కడుపు చల్లగుండ.

ఇక ఆగలేదు, ఒకటి లాగితే ఇంకొకటి వచ్చింది. పాత మఫ్లరుతోనే మెడ బిగించాడు, ముసలాడు పెనుగులాడి గోళ్ళతో చీరేశాడు, చిరిగినదాన్ని మెడలో వదిలితే దొరికిపోతాడు, మఫ్లరు లేకుండా వదిలితే ఊరంతా అడుగుతుంది, హాల్వర్‌ను అది లేకుండా చూసినవాడు లేడు కనుక. మూడు రోజులు శవాన్ని చీకట్లో దాచి అచ్చం అలాంటిదే ఇంకొకటి తయారు చేశాడు. ఊలు ఎక్కడిది, ఐదో భాగంలో తోరా మొత్తుకుంది, ఆరబెట్టిన తాడు మీంచి ఒక ఎర్ర చుట్ట పోయిందని, ఎవరూ చెవిన పెట్టలేదు. ఇక తోరా అల్లి ఉండవచ్చు కదా అంటే, అల్లలేదు, ఆ మఫ్లరు మీది అలల నమూనా హాల్వర్ వాళ్ళ ఇంటిది, ఆరో భాగంలోనే ఉంది, ఆ తల్లి దాన్ని బయట ఎవరికీ నేర్పలేదు, కూతుళ్ళు లేరు కనుక ఆమెతోనే పోయిందని ఊరు అనుకుంది. కూతుళ్ళు లేకపోతే పోతుందా. పోచంపల్లిలో అడగండి. నాన్నకు చిటికీ నేర్పింది నాయనమ్మ అండాలమ్మ కాదూ. చిటికీ అంటే పోగుల మీద సైకిలు ట్యూబు చీలికలు బిగించి కట్టడం, కట్టిన చోట రంగు తాకకుండా ముంచడం, అంతా మగ్గం ఎక్కకముందే అయిపోయేది. చిన్నప్పుడు అడిగింది, నాన్నా పువ్వు ఎప్పుడు నేస్తవ్ అని. "పువ్వు నేసేదేంది బిడ్డా, పువ్వు దారంల ముందే ఉన్నది. నేను ఒట్టిగ దగ్గరికి జరుపుతున్న." పదహారు పేజీలు పోతే ఏమైంది. వాటిలో కొత్తగా ఏమీ ఉండదు, ఉండకూడదు, ఉంటే అది మంచి పుస్తకమే కాదు. కట్టవలసిన ముడులన్నీ ఎప్పుడో కట్టి ముంచేశారు, ఇక దగ్గరికి జరపడమే. మూడు రాత్రులు ఏడ్చింది చూడు ఊరికే, అని తన మీద తనకే కోపమూ నవ్వూ వచ్చాయి.

అయితే ఒక పోగు తెగి ఉంది. మగవాడు, పడవ నడిపేవాడు, ఊలు అల్లాడని పుస్తకంలో ఎక్కడ ఉంది. ఉంది. రెండో భాగంలో ఐనార్ మొట్టమొదట కనిపించిన చోట, చుక్కాని పక్కన కూచుని, సూదుల వంక చూడకుండానే అల్లుకుంటూ, రాగ్నాతో చేపల ధర మాట్లాడుతుంటాడు. ఒక్క వాక్యం. ఆ వారం పేజీలో రెండు లైన్లు ఎక్కువయ్యాయి, సత్యమూర్తిగారు తగ్గించమన్నారు, ఈమె వెతికి వెతికి ఆ వాక్యాన్నే కొట్టేసింది. ఎందుకంటే అందులో ఆమెకు విశేషం కనిపించలేదు. వేరే ఎవరు చదివినా అక్కడ ఒక క్షణం ఆగేవాళ్ళు, ఇదేమిటి, ఇంత మీసాలవాడు అల్లికా అని. పోచంపల్లి ఆడపిల్ల ఎందుకు ఆగుతుంది. నాన్న నేశాడు, బాబాయిలు నేశారు, అన్న మధు ఉద్యోగం దొరికేదాకా నేశాడు, మగవాడి చేతిలో దారం ఉండకపోతే కదా ఆమెకు వింత. హంతకుడిని చేతులారా ఇన్ని వారాలు దాచిపెట్టింది తనే. పాఠకులకు ఆ పోగు అందలేదు, ఇప్పుడు ఐనార్ పేరు చెబితే మోసం అంటారు, అనాలి కూడా. ఏం చేయాలో ఆలోచించడానికి ఆమెకు పెద్దగా సమయం పట్టలేదు. నేతలో పోగు తెగితే దాచరు, ముడి వేస్తారు, బట్ట తిరగేస్తే ఆ ముడి కనిపిస్తుంది, కనిపించనీ.

చేయి కడుక్కుని నోటుబుక్కు తీసింది. ఖాళీ గుండిగ ఒకటి బోర్లించి యాదమ్మ దాన్ని ముందుకు జరిపింది. ప్రసన్నలక్ష్మి రాసింది. చుట్టూ డప్పు కొడుతున్నారు, ఎవరో పాట ఎత్తుకున్నారు, ఇంకెవరో ఆమె మోచేతి పక్క నుంచి మజ్జిగ గ్లాసు పెట్టిపోయారు, ఆమె చేయి ఆగలేదు. రాగ్నా తట్టిన తలుపు ఐనార్‌ది. లోపల పొయ్యి మండుతోంది, బల్ల మీద సూదులు. ఇన్‌స్పెక్టరమ్మ తన సంచిలోంచి మఫ్లరు తీసి, ఆ పొయ్యి మీది వేడినీళ్ళు తెల్ల పళ్ళెంలో పోసి, ఆనాడు నీళ్ళు తగలని దాని కొసను అందులో ముంచింది. పళ్ళెం ఎర్రబడుతుంటే ఇద్దరూ చూశారు. కిటికీ అవతల ఏకిన దూది లాంటి మంచు కురుస్తోంది. రాస్తూ ఉంటే ఆమెకు చలి వేసింది, నిజంగానే, జూన్ ఎండలో, తారు మీద, ముంజేతుల మీద వెంట్రుకలు లేచాయి. తోరా కొట్టు తలుపు తెరిచిన వాక్యం దగ్గర కళ్ళు తడిశాయి, పొగ అనుకుంటారులే అనుకుంది. చివర ఒక గీత గీసి దాని కింద రాసింది: రెండో భాగంలో ఐనార్ ఊలు అల్లుతూ కనిపించిన వాక్యాన్ని అనువాదకురాలు వదిలేసింది, మాది నేతగాళ్ళ ఇల్లు కనుక అందులో నాకు వింత తోచలేదు, తప్పు నాది, పాఠకులు ఆ వాక్యాన్ని అక్కడ చేర్చుకుని చదువుకోగలరు.

ఫోను మోగింది. ఇందు. రెండు రోజులుగా ఇంటర్నెట్టులో పుస్తకాల పిచ్చివాళ్ళు మాట్లాడుకునే చోటల్లా అడుగుతోంది, ఎవరి దగ్గరైనా ఆ ఆఖరి పేజీలు ఉన్నాయా అని. "అమ్మా, దొరికింది. ఆ దేశపామెనే ఎవరో ఇప్పుడే రాసింది. ఎవరు చంపిన్రంటే..." "ఆగు. చెప్పకు," అంది ప్రసన్నలక్ష్మి. "నేను చెప్త. తమ్ముడు. ఐనార్. మఫ్లరు కొత్తది, వాడే అల్లిండు." "అమ్మా," అంది ఇందు, "అదే. అచ్చం అదే. నీకెట్ల తెల్సింది?" "ఈడ ఒకాయన కండువ రంగు దిగింది." "ఏంది?" "ఇంటికొచ్చినంక చెప్త." ఆమె నిలబడింది. మోకాళ్ళు పట్టేశాయి, రాగ్నావి పట్టేసినట్టే, అయినా గుండె మాత్రం పండుగనాడు పిల్లల గుండెలా కొట్టుకుంటోంది. గెలిచాను, అనుకుంది, ఆ మాటే అనుకుంది, సిగ్గుపడకుండా.

సత్యమూర్తిగారికి కూడా అక్కడి నుంచే చేసింది. దిల్‌సుఖ్‌నగర్ దాకా నడిచి, నెట్ సెంటర్లో స్కాన్ చేయించి మూడున్నరకల్లా పంపుతానంది. ఆయన సంతోషించాడు, ముగింపు వినిపించుకుని ఇంకా సంతోషించాడు, చివరి గీత కింది మాట వినగానే గొంతు సర్దుకున్నాడు. "అదెందుకండీ, పత్రిక పరువు పోద్ది. మనం వదిలేశామని ఎవరికి తెలుసు?" "నాకు తెలుసు సార్. ఆ మాట లేకుంటే ముగింపు ఇయ్యను." ఇన్నేళ్ళలో ఆయనతో ఆమె ఎన్నడూ అలా మాట్లాడలేదు. ఆయన "సరే పంపండి, ఉన్నదున్నట్టే వేస్తాను," అన్నాడు. యాదమ్మ ఇదంతా వింటూ గుండిగ తోముతోంది. "అంటే గా ఊలు కొట్టామె?" "ఇంటికి పోయింది అక్కా." యాదమ్మ గరిటెతో గుండిగ మీద ఒక్క దెబ్బ వేసింది, అది డప్పులో కలిసిపోయింది.

పొయ్యిల మధ్య దారి చేసుకుంటూ, నోటుబుక్కు ఛాతీకి ఆనించుకుని, ప్రసన్నలక్ష్మి దిల్‌సుఖ్‌నగర్ వైపు నడిచింది. డివైడర్ మీద భిక్షపతి ఒక్కడే కూచుని ఉన్నాడు, తడి కండువా ఒళ్ళో పెట్టుకుని, పారేయాలా ఉంచుకోవాలా అని చూస్తున్నట్టు. దాటిపోయినదల్లా ఆమె వెనక్కి వచ్చింది. ఇరవై రెండేళ్ళ అలవాటు, నోరు ఊరుకోదు. "తమ్మీ, పారెయ్యకు. ఇంటికి పోయినంక ఉప్పు నీళ్ళల్ల నానబెట్టు, విడిగా. గా తొలి తడుపుల ఎంత దిగాల్నో అంత దిగుతది."

"ఇగ దిగదా అక్కా?"

"దిగది. గప్పట్నుంచి అది నీదే."